మట్టికి పరీక్ష ఉంది... మందు కొట్టే మనిషికేదీ?

విత్తనాల సంచి విప్పగానే గుప్పెడు గింజలు తడిగుడ్డలో చుట్టి మొలక శాతం చూసుకుంటాం. మట్టి నమూనా ఎలా తీయాలో ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. 2015 నుంచి భూసార కార్డులూ ఇస్తున్నారు. బోరు నీళ్లు తేడాగా ఉంటే సీసాలో పట్టి ల్యాబుకు పంపుతాం. పాలకేంద్రంలో పూటపూటా వెన్న శాతం కొలుస్తారు. గేదె ఎదకు రాకపోతే పశువుల డాక్టరు దగ్గరకు పరిగెత్తుతాం. మిరపకాయ ఓడ ఎక్కాలంటే అందులో ఏ మందు ఎంత మిగిలిందో విదేశీ కొనుగోలుదారుడు లెక్క అడుగుతాడు. ఇన్ని పరీక్షలున్న వ్యవసాయంలో ఒక్కటి మాత్రం లేదు. ఆ కాయ మీద మందు కొట్టిన మనిషి ఒంట్లో ఏం జరుగుతోందో చూసే పరీక్ష. కాయలో మిగిలిన మందుకు లెక్క ఉంది. కొట్టినవాడి ఒంట్లోకి పోయిన మందుకు లెక్క లేదు.

మందు కొట్టి కళ్లు తిరిగి పడిపోయినవాడిని ఆసుపత్రిలో చేర్చడం మనకు తెలిసిందే. అది గంటల్లో బయటపడే విషం. ఇక్కడ చెప్పేది ఆ సంగతి కాదు. నొప్పి లేకుండా, నురగ లేకుండా, సంవత్సరాల తరబడి లోపల్లోపల హార్మోన్ల లెక్క తప్పించే నష్టం గురించి. దీనిపై ప్రపంచంలో పలుచోట్ల ప్రయోగశాలల్లో, ఆసుపత్రుల్లో పరిశోధనలు జరిగాయి. వాటి ఫలితం మన పొలం గట్టు దాకా రాలేదు. ఎందుకు రాలేదని అడగాల్సిన సమయం వచ్చింది.

కాలువ, లస్కరు, కబురు

హార్మోన్ అంటే ఒంట్లో ఒక గ్రంథి నుంచి ఇంకో చోటికి రక్తంలో పోయే కబురు. పిల్లాడు ఎదగాలన్నా, ఆడపిల్ల పెద్దమనిషి కావాలన్నా, తిన్న తిండి సత్తువగా మారాలన్నా, కడుపు పండాలన్నా ఈ కబురు సరైన వేళకు, సరైన మోతాదులో అందాలి.

సాగర్ కాలువ కింద సేద్యం చేసేవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మెడ ముందు భాగంలో ఉండే థైరాయిడ్ గ్రంథి తూము లాంటిది. అది ఎంత వదలాలో మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి చెబుతుంది. ఆ గ్రంథి పంపే కబురు పేరే టీఎస్‌హెచ్. కింద పొలాలకు నీళ్లు తగ్గాయనుకోండి, ఏమవుతుంది? "ఇంకాస్త ఎత్తవయ్యా" అని లస్కరుకు కబురు మీద కబురు వస్తుంది. ఒంట్లోనూ అంతే. థైరాయిడ్ కాస్త మొరాయిస్తే టీఎస్‌హెచ్ పెరుగుతుంది. కాలువలో నీళ్లు ఇంకా పారుతూనే ఉంటాయి, మనిషి తిరుగుతూనే ఉంటాడు. కానీ పైనుంచి వచ్చే కబుర్లు పెరిగాయంటే కింద ఏదో అడ్డుపడుతోందన్నమాట. మగవారి వృషణాలకు, ఆడవారి అండాశయాలకు కూడా పీయూష గ్రంథి ఇలాగే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే కబుర్లు పంపుతుంది.

ఈ కబుర్లు ఎంత సూక్ష్మమంటే, లీటరు రక్తంలో కొన్ని హార్మోన్లు గ్రాములో పది లక్షల వంతుల లెక్కన ఉంటాయి. కొన్ని అంతకన్నా వేల రెట్లు తక్కువ. వీటిని కొలిచే దారి చూపింది న్యూయార్క్‌లోని బ్రాంక్స్ మాజీ సైనికుల ఆసుపత్రిలో పనిచేసిన రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్. 1950ల చివర్లో ఇన్సులిన్ మీద మొదలైన వారి పని తర్వాత ఎన్నో హార్మోన్లకు పనికొచ్చింది. బెర్సన్ 1972లోనే కన్నుమూశారు. యాలోకు 1977లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇవాళ పట్నంలో ఏ ల్యాబుకు వెళ్లినా టీఎస్‌హెచ్ పరీక్ష చేస్తున్నారంటే దాని వెనుక ఆ శ్రమ ఉంది.

ఎలుకకు తెలిసినా మనిషికి చెప్పలేదు

అదే 1977లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, లాథ్రాప్ అనే ఊళ్లో ఒక పురుగుమందుల ఫ్యాక్టరీ కార్మికులు భోజనాల దగ్గర మాట్లాడుకునే మాటల్లో ఒక సంగతి బయటపడింది. తమ విభాగంలో కొన్నేళ్లుగా ఎవరికీ పెద్దగా పిల్లలు పుట్టడం లేదు. ఒకరిద్దరికైతే తలరాత అనుకుంటారు. అందరికీ ఒకటే తలరాతా? పట్టుబట్టి పరీక్షలు చేయించుకున్నారు. డొనాల్డ్ వోర్టన్ అనే వైద్యుడి బృందం చూసిన ఫలితాలు అదే ఏడాది లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకోని 25 మందిలో 14 మందికి వీర్యకణాలు బాగా తక్కువగా ఉండటమో, అసలు లేకపోవడమో కనిపించింది. వాళ్ల రక్తంలో ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ పెరిగి ఉన్నాయి. అంటే లస్కరుకు కబురు మీద కబురు వెళ్తోంది, తూము మాత్రం పలకడం లేదు.

ఇక్కడ గమనించాల్సింది ఇంకోటి ఉంది. వాళ్ల మగ హార్మోను టెస్టోస్టిరాన్ మామూలుగానే ఉంది. ఒళ్లు గట్టిగానే ఉంది, కాపురానికి లోటు లేదు. పరీక్ష చేయకపోతే ఈ నష్టం జన్మలో తెలిసేది కాదు.

కారణమైన మందు డీబీసీపీ. వేళ్లలో నులిపురుగులను చంపడానికి భూమిలో వేసేవారు. ఈ మందు ఎలుకల్లో, గినీ పందుల్లో, కుందేళ్లలో వృషణాలను కుంచించేస్తోందని 1961లోనే ప్రయోగశాల నివేదిక అచ్చయింది. అంటే ఎలుక చెప్పిన మాట మనిషి చెవిన పడటానికి 16 ఏళ్లు పట్టింది. పని చేసేవాళ్లకు ఆ కాగితం ఎవరూ చదివి వినిపించలేదు. 1979లో అమెరికా, హవాయి అనాస తోటలకు తప్ప మిగతా వాడకాన్ని ఆపేసింది. అప్పటికే కోస్టారికా, నికరాగ్వా, హోండురస్ అరటి తోటల్లో వేలమంది కూలీలు దాని బారిన పడ్డారు. నష్టపరిహారం కోసం దశాబ్దాల పాటు కోర్టుల చుట్టూ తిరిగారు. మందుకు దూరమయ్యాక కొందరు కోలుకున్నారు. కణాలు పూర్తిగా అడుగంటిన వారిలో చాలామంది కోలుకోలేదు. ఈ మందు మన దేశంలోనూ నిషేధిత జాబితాలో ఉంది.

తాళంలో ఇరుక్కున్న దొంగ చెవి

డీబీసీపీ గ్రంథినే దెబ్బతీసింది. కొన్ని మందుల తీరు వేరు. ఒంట్లో ప్రతి హార్మోనుకూ ఒక తాళం ఉంటుంది. అసలు చెవి తిరిగితేనే పని జరుగుతుంది. కొన్ని రసాయనాలు అచ్చం ఆ చెవిలాగే ఉండి తాళంలో దూరతాయి. తిరగవు, బయటికీ రావు. అసలు చెవికి చోటుండదు. డీడీటీ ఒంట్లో విరిగి మిగిలే డీడీఈ అనే పదార్థం మగ హార్మోను తాళంలో ఇలాగే ఇరుక్కుంటుందని అమెరికా ప్రయోగశాలల్లో ఎలుకల మీద చేసిన పని 1995లో బయటపెట్టింది.

దీని ఫలితం చెరువులోనే కనిపించింది. అమెరికాలోని ఫ్లోరిడాలో అపాప్కా అనే పెద్ద చెరువుంది. చుట్టూ కూరగాయల సేద్యం. 1980లో పక్కనున్న మందుల ఫ్యాక్టరీ నుంచి డైకోఫాల్, దాంతోపాటు డీడీటీ ఆ నీళ్లలో కలిశాయి. తర్వాతి ఏళ్లలో లూయిస్ గిలెట్ అనే జీవశాస్త్రవేత్త అక్కడి మొసలి పిల్లలను పట్టి రక్తం తీసి చూశాడు. మగపిల్లల్లో టెస్టోస్టిరాన్ బాగా తక్కువ. అవయవాలు సరిగా ఎదగలేదు. పైకి చూస్తే ఆ పిల్లలు ఈదుతూనే ఉన్నాయి.

ఎక్కడో ఫ్లోరిడా మొసళ్లు మనకెందుకంటారా? డైకోఫాల్ పేరు గుంటూరు మిరప రైతుకు చెప్పనక్కర్లేదు. నల్లి మందుగా ఏళ్ల తరబడి కొట్టాం. దాన్ని తయారు చేసేది డీడీటీ నుంచే. 2019లో స్టాక్‌హోమ్ అంతర్జాతీయ ఒప్పందం నిర్మూలించాల్సిన రసాయనాల్లో దాన్ని చేర్చింది. మన దేశం 2023లో నిషేధించింది. మొసలి రక్తం పరీక్షించినవాడు ఒకడున్నాడు. అదే మందును వీపున మోసిన మన కూలీల రక్తం సంగతేమిటి?

ఆకుపచ్చ గుర్తు అన్నీ చెప్పదు

డబ్బా మీద రంగు త్రికోణం అందరికీ తెలుసు. ఎరుపంటే భయం, ఆకుపచ్చంటే ధైర్యం. ఆ రంగు ఏం చెబుతుందో మాత్రం చాలామందికి తెలియదు. ఆ మందు ఒక్కసారి ఒంట్లోకి పోతే ఎంత మోతాదుకు ప్రాణం మీదికొస్తుందో, అంతవరకే చెబుతుంది. పదేళ్లు రోజూ కొంచెం కొంచెం పోతే థైరాయిడ్ ఏమవుతుంది, కడుపులో బిడ్డ ఏమవుతుంది అన్న సంగతి ఆ రంగులో లేదు.

దీనికి మంచి ఉదాహరణ మాంకోజెబ్. ఎం-45 అంటే తెలియని మిరప రైతు, టమాటా రైతు ఉండడు. ఆకుపచ్చ గుర్తు మందే. ఆకుమచ్చకు, కాయకుళ్లుకు, బూజు తెగులుకు చవకలో దొరికే ఆసరా. ఇది విరిగినప్పుడు ఇటీయూ అనే పదార్థం పుడుతుంది. దీని బంధువైన థయోయూరియా కథ వింటే సంగతి బోధపడుతుంది. 1943లో ఎడ్విన్ ఆస్ట్‌వుడ్ అనే అమెరికా వైద్యుడు, థైరాయిడ్ మితిమీరి పనిచేసే రోగులకు థయోయూరియా, థయోయురాసిల్ ఇచ్చి గ్రంథి జోరు తగ్గించాడు. ఆ దారినే నేటి మాత్రలు వచ్చాయి. ఇటీయూ కూడా థైరాయిడ్‌లో ఆ పనే చేస్తుంది. హార్మోను తయారీకి అవసరమైన ఎంజైమును అడ్డుకుంటుంది. జోరు ఎక్కువైన రోగికి డాక్టరు కొలిచి ఇస్తే అది వైద్యం. ఆరోగ్యంగా ఉన్న కూలీకి కొలత లేకుండా చర్మం గుండా ఎక్కితే దాన్నేమనాలి?

ఇది ఊహ కాదు. మెక్సికోలో వీపు పంపులతో, ఒంటికి ఏ రక్షణా లేకుండా ఈ జాతి తెగుళ్ల మందులు కొట్టే సుమారు 50 మందిని పరీక్షించారు. ఫలితాలు 1997లో అచ్చయ్యాయి. వాళ్ల మూత్రంలో ఇటీయూ దొరికింది. రక్తంలో టీఎస్‌హెచ్ మిగతావాళ్ల కన్నా పెరిగి ఉంది. అసలు థైరాయిడ్ హార్మోను ఇంకా తగ్గలేదు. కాలువలో నీళ్లున్నాయి, కానీ కబుర్లు పెరిగాయి. వీపు పంపు, ఒంటి మీద తడిసిన చొక్కా... ఆ వర్ణన చదివితే మెక్సికో అనిపించదు, మన ఊరే అనిపిస్తుంది.

అమెరికాలో ఇంకో పెద్ద అధ్యయనం ఉంది. అయోవా, నార్త్ కరోలినా రాష్ట్రాల్లో 1993 నుంచి 1997 దాకా మందు కొట్టేవారిని, వారి భార్యలను కలిపి సుమారు 89 వేల మందిని నమోదు చేసుకున్నారు. ఎవరు ఏ మందు ఎన్నేళ్లు వాడారో రాసుకున్నారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి వారి ఆరోగ్యాన్ని వెంబడించారు. అందులో సుమారు 16,500 మంది రైతు భార్యల లెక్క 2010లో వచ్చింది. మాంకోజెబ్, మానెబ్ మందులు వాడామన్న ఆడవారిలో థైరాయిడ్ జబ్బులు సుమారు రెట్టింపు కనిపించాయి. సంబంధం కనిపించిందంటే కారణం తేలిపోయిందని కాదు, కానీ పట్టించుకోకుండా ఉండటానికి వీల్లేని లెక్క. 2020 డిసెంబరులో ఐరోపా సమాఖ్య మాంకోజెబ్ అనుమతిని కొనసాగించలేదు. చెప్పిన కారణాల్లో హార్మోన్లను చెదరగొట్టే గుణం ఒకటి. మన కేంద్ర ప్రభుత్వం 2020లో 27 మందుల నిషేధానికి ముసాయిదా ఇచ్చినప్పుడు అందులో మాంకోజెబ్ పేరుంది. 2023 నాటి నిషేధంలో మాత్రం లేదు.

కాసరగోడ్ పిల్లలు

మన దేశంలో ఇలాంటి పని అసలు జరగలేదా అంటే, జరిగింది. కేరళలోని కాసరగోడ్ జిల్లాలో జీడిమామిడి తోటల మీద 20 ఏళ్లకు పైగా హెలికాప్టరుతో ఎండోసల్ఫాన్ చల్లారు. మన పత్తి, కంది రైతులకు బాగా తెలిసిన మందే. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ శాస్త్రవేత్తలు ఆ తోటల కింద ఉన్న ఊళ్లో బడికెళ్లే 117 మంది మగపిల్లలను, అలాంటి మందు పడని ఊరి నుంచి 90 మందిని పరీక్షించారు. 2003లో ఫలితాలు వచ్చాయి. మందు పడిన ఊరి పిల్లల్లో ఈడు రావడం ఆలస్యమైనట్టు, వయసును లెక్కలోకి తీసుకుని చూస్తే టెస్టోస్టిరాన్ తక్కువగా, ఎల్‌హెచ్ ఎక్కువగా ఉన్నట్టు తేలింది. ఆ అధ్యయనం మీద విమర్శలూ వచ్చాయి, జవాబులూ వచ్చాయి. శాస్త్రం నడిచే తీరే అది. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011 మే 13న దేశమంతటా ఆపేసింది.

గమనించండి, ఆ ఊరివాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకుంటే తప్ప ఆ రక్తం సీసాలోకి ఎక్కలేదు. లాథ్రాప్‌లో కార్మికులే అడిగారు, కాసరగోడ్‌లో ఊరే అడిగింది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. పరిశోధన విషయంలో ఇది అక్షరాలా నిజం.

అన్నీ మందు మీదికి తోయొద్దు

ఇది చదివి థైరాయిడ్ వచ్చిన ప్రతివారూ పురుగుమందును తిట్టుకుంటే అదీ తప్పే. అయొడిన్ చాలకపోయినా థైరాయిడ్ దెబ్బతింటుంది. మన ఒంటి రక్షణ వ్యవస్థే ఆ గ్రంథి మీద తిరగబడటం మరో ముఖ్య కారణం. మందు వాసన చూడని పట్నం ఆడవాళ్లకూ ఇది వస్తోంది. పిల్లలు కలగకపోవడానికి కూడా వంద కారణాలు. ఒక రైతు సీజనులో పది రకాల మందులు కొడతాడు, రెండు మూడు కలిపి ఒకే డ్రమ్ములో పోస్తాడు. వాటిలో దేనివల్ల ఏమైందో విడదీయడం ఏ శాస్త్రవేత్తకైనా కత్తిమీద సామే. అందుకే పరీక్ష కావాలంటున్నాం. తెలిసిపోయి ఉంటే పరిశోధన దేనికి?

"మా నాన్న నలభై ఏళ్లు కొట్టాడు, రాయిలా ఉన్నాడు" అనే మాట ప్రతి ఊళ్లో వినిపిస్తుంది. ఎనభై ఏళ్లు బీడీ తాగిన తాతలూ ఉన్నారు. బీడీ మంచిదని ఎవరూ అనరు కదా! ఒక మనిషి కథ వేరు, వెయ్యి మంది లెక్క వేరు. "మందు కొట్టకపోతే పంట దక్కుతుందా" అనేవారూ ఉన్నారు. దక్కదు, ఒప్పుకుందాం. పంట దక్కించుకోవడానికి ఒళ్లు తాకట్టు పెడుతున్నామా లేదా అన్నదే ప్రశ్న. అప్పు తీసుకునేవాడికి వడ్డీ ఎంతో తెలుసుకునే హక్కుంటుంది.

ముందు మగవాడి పరీక్ష

ఈ విషయంలో ఇంట్లో జరిగే అన్యాయం ఒకటుంది. పెళ్లయి మూడేళ్లు గడిచినా కడుపు పండకపోతే గుడులకు తిప్పేది కోడలిని, డాక్టర్ల దగ్గరకు పంపేది కోడలిని, చివరికి పుట్టింటికి పంపేదీ కోడలినే. మగవాడి వీర్య పరీక్ష తేలికైనది, చవకైనది. కోత లేదు, సూది లేదు. అయినా అది అన్నిటికన్నా చివర చేస్తారు, ఒక్కోసారి అసలు చేయరు. మగతనానికీ వీర్యకణాల లెక్కకూ సంబంధం లేదని లాథ్రాప్ కార్మికుల కథ చెబుతూనే ఉంది. మందులతో పనిచేసే ఇంట్లో అయితే ఈ పరీక్ష మొదటిది కావాలి. అందులో చిన్నతనమేమీ లేదు.

"ఆడవాళ్లు పంపు మోయరు కదా" అంటారు. నీళ్లు మోసి డ్రమ్ములో పోసేది ఎవరు? కట్టెతోనో చేత్తోనో మందు కలిపేది ఎవరు? మొన్న మందు కొట్టిన చేలో ఇవాళ కాయ కోసేది, కలుపు తీసేది ఎవరు? తడిసిన చొక్కా ఉతికేది ఎవరు? మోతాదు తక్కువ కావచ్చు, రోజులు ఎక్కువ. కడుపుతో ఉన్న మొదటి నెలల్లో బిడ్డ మెదడు ఎదగడానికి తల్లి థైరాయిడ్ హార్మోనే ఆధారం. కడుపుతో ఉన్నామని తెలిసేసరికే కొన్ని వారాలు గడిచిపోతాయి. అందుకని పెళ్లయిన ఆడకూలీని మందు కలిపే పనికి పిలవడమే మానాలి.

కాగితం మీద ఉంది

మనకు చట్టం లేక కాదు. 1968 పురుగుమందుల చట్టం కింద 1971లో చేసిన నిబంధనల్లో, మందు కొట్టే పనిలో పెట్టుకునేవారికి ముందుగా వైద్య పరీక్ష చేయించాలని, ఆ వివరాలు రిజిస్టరులో రాయాలని ఉంది. రక్షణ దుస్తుల గురించీ ఉంది. ఆ నిబంధన ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎంత అమలవుతోందో ఏమో గానీ, పొలం గట్టు దాటి మాత్రం రాలేదు. రోజు కూలీకి మందు కొట్టే మనిషికి రిజిస్టరు ఎవరు పెడతారు? తన పొలంలో తనే కొట్టుకునే కౌలు రైతును ఎవరు పరీక్షిస్తారు?

లాంలో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది, ఏ తెగులుకు ఏ మందో చెప్పే శాస్త్రవేత్తలున్నారు. గుంటూరులో వైద్య కళాశాల ఉంది, రక్తం చూసి జబ్బు చెప్పే డాక్టర్లున్నారు. ఈ రెండింటి మధ్య దూరం ఆటోలో పోయేంత. కానీ మొక్కను చూసేవారు మనిషిని చూడరు, మనిషిని చూసేవారు "నువ్వు ఏ మందు కొడతావయ్యా" అని అడగరు. ఖమ్మంలోనైనా, వరంగల్‌లోనైనా ఇదే తీరు. ఆ కాస్త దూరం దాటించగలిగితే అయోవాలో చేసిన పని మన దగ్గరా చేయొచ్చు.

ఏం అడగాలి?

పెద్ద కోరికలేం కాదు. మొదటిది, మిరప, పత్తి ఎక్కువగా పండించే మండలాల్లో కొన్ని ఊళ్లు ఎంచుకుని, సీజను మొదలు కాకముందు ఒకసారి, ముగిశాక ఒకసారి మందు కొట్టేవారి రక్తం పరీక్షించాలి. మందు జోలికి పోని ఊరిని పక్కన పెట్టుకుని పోల్చాలి. టీఎస్‌హెచ్, మగవారికి ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, టెస్టోస్టిరాన్ చూడాలి. రెండోది, ఇది ఒక్క ఏడాదితో ఆపకూడదు. హార్మోను కథ ఏళ్ల మీద నడిచేది. మూడోది, పొలం ఉన్నవాడి పేరే కాదు, కూలీల పేర్లూ రాయాలి. పంపు మోసేది ఎక్కువగా వాళ్లే. నాలుగోది, ఎవరి ఫలితం వారికి తెలుగులో, గుట్టుగా చేతికివ్వాలి. ఊరి మొత్తం లెక్క పేర్లు లేకుండా గ్రామసభలో చదవాలి. ఐదోది, కంపెనీలు అనుమతి కోసం ఇచ్చే జంతు ప్రయోగాల సారాంశం రైతుకు అర్థమయ్యే తెలుగులో అందుబాటులో ఉండాలి. ఎలుకకు తెలిసినది మనిషికి తెలియడానికి ఇంకో 16 ఏళ్లు పట్టకూడదు.

ఇవి వచ్చేదాకా మన చేతిలో ఉన్నవి మనం చేద్దాం. మందు చేత్తో కలపొద్దు, రబ్బరు తొడుగులు వేసుకుని కట్టెతో కలపాలి. కారే పంపు వీపుకెత్తొద్దు, వాషరు ఖరీదు ఎంతని? గాలికి ఎదురు కొట్టొద్దు. ఇంటికి రాగానే పిల్లల్ని ఎత్తుకునే ముందు సబ్బుతో స్నానం చేయాలి. ఆ బట్టలు విడిగా ఉతకాలి. ఏ రోజు ఏ మందు ఎంత కొట్టారో ఒక నోటు పుస్తకంలో రాయాలి. ఆసుపత్రికి వెళ్తే ఆ పుస్తకం డాక్టరు ముందు పెట్టి, "నేను మందు కొట్టేవాణ్ని" అని మొదటి మాటగా చెప్పాలి. రేపు పరిశోధన చేయడానికి ఎవరైనా వస్తే, వారికి అన్నిటికన్నా విలువైన కాగితం ఆ నోటు పుస్తకమే.

మండలంలో రైతుల సమావేశం జరిగితే ఎరువుల గురించి అడుగుతాం, గిట్టుబాటు ధర గురించి అడుగుతాం. అడగాల్సిందే. ఈసారి ఇంకో మాట కలపండి. "భూమిలో భాస్వరం ఎంతుందో చెప్పారు, సంతోషం. మందు కొట్టే మా పిల్లల రక్తంలో ఏముందో ఎప్పుడు చెబుతారు?" అని అడగండి. జవాబు రాకపోతే వచ్చే సమావేశంలోనూ అదే అడగండి.